గాలి పరుపు... పక్కన మనిషి!

మంచాన పడ్డ మనిషిని అసలు జబ్బు కన్నా పుండే ఎక్కువ బాధపెడుతుంది. ఆ పుండు రాకుండా చూసేందుకే గాలి పరుపులూ, గాలి దిండ్లూ వచ్చాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్నాల్లోనూ ఇంట్లో ఎవరైనా మంచాన పడితే బంధువులు చెప్పే మొదటి మాట ‘ఎయిర్‌బెడ్ తెప్పించండి’ అనే. తెప్పిస్తే సరిపోతుందా? దాన్ని ఎలా వాడాలి? అది చేయలేని పని ఏమిటి?

రాత్రి రెండు గంటలు. సెల్‌ఫోన్‌లో అలారం మోగుతుంది. ఆమె కళ్లు నులుముకుంటూ లేస్తుంది. రైలుకు టైమైందని కాదు, పిల్లాడి పరీక్షలని కాదు. పక్క మంచం మీద నడుం కింద కదలిక లేని భర్తను కుడి నుంచి ఎడమకు ఒత్తిగిలించాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఇంకో దిండు పెట్టాలి. దుప్పటి ముడతలు సరిచేయాలి. నాలుగింటికి మళ్లీ అలారం. ఆరింటికి మళ్లీ.

ఈమెకు పేరు పెట్టనక్కర్లేదు. మీ వీధిలోనే ఉండవచ్చు. భర్తకు బదులు ఆ మంచం మీద అత్తగారు ఉండవచ్చు, తండ్రి ఉండవచ్చు, పాతికేళ్ల కొడుకే ఉండవచ్చు. ఇలాంటి ఇళ్లలో గడియారం గంటలు కొట్టదు. రెండేసి గంటలు కొడుతుంది!

మంచానికి మూడు దారులు

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీది పట్నాలు. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు. రాత్రింబవళ్లు లారీలు, బస్సులు, కార్లు పరుగులు పెట్టే రోడ్డు అది. మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి-అద్దంకి రహదారి వెళ్తుంది. ధాన్యం లారీలూ, సిమెంటు లారీలూ అటే. రోడ్డు ప్రమాదాల వార్త లేని వారం ఉండదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఊళ్లకు విస్తరించాక, ఒకప్పుడు రోడ్డు మీదే ప్రాణం పోయేవారిలో చాలామంది ఆసుపత్రి దాకా చేరుతున్నారు, బతుకుతున్నారు. అది పెద్ద విజయం. అయితే అలా బతికి బయటపడ్డవారిలో వెన్నుపాము తెగినవాళ్లూ, తలకు దెబ్బ తగిలినవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాకే అసలు పరీక్ష.

రెండో దారి తాటిచెట్టు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో గీత వృత్తి మీద బతికే కుటుంబాలు ఎన్నో. మోకు జారితే, పట్టు తప్పితే అంత ఎత్తు నుంచి కింద పడేది నడుం మీదో, వీపు మీదో. చెట్టు మీది నుంచి పడటం మన దేశంలో వెన్నుపాము దెబ్బలకు ముఖ్య కారణాల్లో ఒకటి. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షక కవచం’ పేరిట గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇకమీదట పడేవాళ్లు తగ్గుతారు. కానీ ఇప్పటికే పడినవాళ్లు మంచం మీదే ఉన్నారు.

మూడోది పక్షవాతం. దీనికి రోడ్డూ అక్కర్లేదు, చెట్టూ అక్కర్లేదు. బీపీ, షుగర్ ఉంటే చాలు. దీనికి తోడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లు, వణుకుడు జబ్బు ముదిరినవాళ్లు, క్యాన్సరు చివరి దశలో ఉన్నవాళ్లు.

దారులు వేరైనా చేరేది ఒకేచోటికి... మంచానికి. అక్కడ అందరికీ పొంచి ఉన్న శత్రువు ఒక్కటే. అదే పడకపుండు. డాక్టర్లు బెడ్‌సోర్ అంటారు.

చీమ కుట్టినా తెలియని చోట...

మనం రాత్రంతా పడుకుంటాం కదా, మనకెందుకు రావు ఈ పుండ్లు? ఎందుకంటే మనం నిజానికి కదలకుండా పడుకోం. ఒకేచోట ఒత్తిడి పడితే నొప్పి పుడుతుంది. నిద్రలోనే పక్కకు తిరుగుతాం. తిరిగామని మనకే తెలియదు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆ కబురు మెదడుకు చేరదు. పక్షవాతం వచ్చినవారికి కబురు చేరినా కాలూ చెయ్యీ మాట వినవు.

చర్మానికి రక్తం అందించే అతి సన్నని నాళాల్లో ఒత్తిడి చాలా తక్కువ. బీపీ 120/80 అని చెప్పుకుంటామే, ఆ లెక్కలో అది 32 దగ్గర ఉంటుందని 1930లోనే కొలిచారు. పైనుంచి ఎముక, కిందినుంచి మంచం... మధ్యలో చర్మం నలిగి ఒత్తిడి అంతకు మించి, గంటల తరబడి అలాగే ఉంటే రక్తం ఆగిపోతుంది. పైరుకు నీళ్లు ఆగినట్టే. ముందు వాడుతుంది, తర్వాత ఎండుతుంది.

ఎముక పైకి తేలి ఉండే చోట్లే దీనికి మొదటి గురి. వెల్లకిలా పడుకునేవారికి వెన్ను చివర తోకఎముక దగ్గర, మడమల దగ్గర, తల వెనక, మోచేతుల దగ్గర వస్తుంది. పక్కకు పడుకునేవారికి తుంటి మీద, చీలమండల మీద. కూర్చునేవారికి పిరుదుల కింది ఎముకల దగ్గర.

మొదట కనిపించేది చిన్న ఎర్రమచ్చ. వేలితో నొక్కి వదిలితే మామూలు చర్మం తెల్లబడి మళ్లీ రంగు తిరుగుతుంది. తెల్లబడకపోతే అది మొదటి హెచ్చరిక. మన చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనిపించదు. అందుకే కంటితో పాటు చేత్తోనూ చూడాలి. చుట్టుపక్కల కన్నా అక్కడ వేడిగా ఉందా, గట్టిగా ఉందా, రంగు ముదిరిందా? ఇవే గుర్తులు. అప్పుడే ఆ చోటి మీద బరువు తీసేస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. పట్టించుకోకపోతే రెండో దశలో తోలు లేస్తుంది. మూడో దశలో కింది కొవ్వు దాకా, నాలుగో దశలో కండ, ఎముక దాకా గొయ్యి పడుతుంది. రావడానికి కొన్ని గంటలు చాలు. మానడానికి నెలలు పడుతుంది. పైకి రూపాయి బిళ్లంత కనిపించే పుండు లోపల అరచేయంత ఉండవచ్చు.

డబ్బూ, పేరూ, నర్సులూ ఉన్నంతమాత్రాన తప్పించుకోలేని ముప్పు ఇది. వెండితెర సూపర్‌మ్యాన్ క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీది నుంచి పడి మెడ కింద కదలిక కోల్పోయాడు. తొమ్మిదేళ్లు ధైర్యంగా బతికాడు. 2004 అక్టోబరులో, ఒత్తిడి పుండుకు ఇన్‌ఫెక్షన్ సోకి చికిత్స పొందుతున్న రోజుల్లోనే గుండె ఆగి చనిపోయాడు.

నీటి తొట్టి నుంచి గాలి బుడగ దాకా

ఈ పుండుకు మనిషి వెతికిన మందుల్లో విచిత్రమైనది... నీళ్లు! 1832లో నీల్ ఆర్నాట్ అనే స్కాట్లండ్ వైద్యుడు తొట్టిలో నీళ్లు నింపి, పైన రబ్బరు గుడ్డ కప్పి, దాని మీద రోగిని పడుకోబెట్టాడు. నీటి మీద తేలే వస్తువు బరువు ఒకేచోట పడదు కదా. ఆ ఆలోచనే తర్వాత వాటర్‌బెడ్ అయింది.

అయినా 19వ శతాబ్దంలో చాలామంది పెద్ద పెద్ద వైద్యులు ఈ పుండ్లు నరాలు దెబ్బతినడం వల్ల వస్తాయని, ఆపడం మన చేతుల్లో లేదని నమ్మారు. ఆ నమ్మకాన్ని పూర్తిగా బద్దలుకొట్టినవాడు లుడ్విగ్ గుట్‌మన్. హిట్లర్ జర్మనీ నుంచి 1939లో ఇంగ్లండ్‌కు పారిపోయి వచ్చిన యూదు వైద్యుడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల వార్డు ఆయన చేతికొచ్చింది. అంతకుముందు అలాంటి సైనికులు పుండ్లతో, మూత్రం ఇన్‌ఫెక్షన్లతో కొద్దికాలంలోనే చనిపోయేవారు. గుట్‌మన్ పెట్టిన నియమం ఒక్కటే. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి ప్రతి రోగినీ తిప్పాలి. మినహాయింపు లేదు. సైనికులు బతికారు. బతకడమే కాదు, 1948లో ఆ ఆసుపత్రి మైదానంలో చక్రాల కుర్చీల మీద ఆటల పోటీలు ఆడారు. నేటి పారాలింపిక్స్‌కు అదే మొదలు.

మన పొరుగునే ఇంకో కథ ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టరు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింద కదలిక కోల్పోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చి, వేలూరులోనే మంచాన పడ్డవారిని మళ్లీ బతుకులోకి తెచ్చే విభాగాన్ని నిలబెట్టారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. వేలూరు వెళ్లే తెలుగువారెందరికో ఆ విభాగం సుపరిచితం.

గాలితో పనిచేసే పరుపులు 1940ల్లో వచ్చాయి. 1970ల్లో రాబర్ట్ గ్రేబ్ అనే అమెరికన్ ఇంజినీరు చిన్న చిన్న గాలి గదులను వరసగా పేర్చి చక్రాల కుర్చీకి దిండు తయారుచేశాడు. ‘రోహో’ పేరుతో అది ప్రపంచమంతా పాకింది. ఇవాళ మన సర్జికల్ షాపుల్లో దొరికే గాలి దిండ్లలో చాలావాటికి ఆ పోలికే.

బుడగల వెనక కిటుకు

మనం ఎయిర్‌బెడ్ అని పిలిచేది రెండు రకాలు. ఒకటి బుడగలది. పల్చటి షీటు మీద వంద పైచిలుకు బుడగలు ఉంటాయి. ఇంకోటి గొట్టాలది. అడ్డంగా లావుపాటి గొట్టాలు పేర్చి ఉంటాయి. రెండింటికీ మంచం కాళ్ల వైపు తగిలించే చిన్న కరెంటు పంపు ఉంటుంది. ఆ పంపు అన్నింటిలోకీ ఒకేసారి గాలి కొట్టదు. ఒక వరస ఉబ్బుతుంటే పక్క వరస తగ్గుతుంది. సుమారు పది నిమిషాలకోసారి వంతు మారుతుంది. అంటే ఒంటికింద ఒత్తిడి పడే చోటు మారుతూ ఉంటుంది. నొక్కుకుపోయిన చోటికి మళ్లీ రక్తం అందుతుంది. మనం నిద్రలో చేసే పనిలో కొంత ఆ పంపు చేస్తుందన్నమాట.

బుడగల పరుపు పంపుతో కలిపి రెండు మూడు వేల రూపాయల్లో మొదలవుతుంది. గొట్టాలది అంతకంటే బాగా ఎక్కువ. మనిషి కొద్దిగానైనా కదలగలిగితే, పుండు ఇంకా రాకపోతే బుడగల పరుపు సరిపోవచ్చు. అసలు కదలలేనివారికి, లావుగా ఉన్నవారికి, ఇప్పటికే పుండు ఉన్నవారికి గొట్టాలదే మేలు. కొనేముందు డాక్టరునో, ఫిజియోథెరపిస్టునో అడగాలి. ఎంత బరువు దాకా పనికొస్తుందో పెట్టె మీద చూసుకోవాలి.

పరుపు వచ్చింది సరే... పరిచిందెలా?

తప్పులు జరిగేది ఇక్కడే. మన ఇళ్లలో మొదటి తప్పు నులక మంచం. నులకా, నవారూ మధ్యలో కుంగుతాయి. గాలి పరుపుకు కింద సమతలంగా ఉండాలి. చెక్క మంచమో, ఇనుప మంచమో వేసి, దాని మీద మామూలు పరుపు పరిచి, ఆ పైన గాలి పరుపు వేయాలి. కింద పరుపు ఎందుకంటే, కరెంటు పోయి గాలి దిగిపోతే మనిషి నేరుగా చెక్క మీద పడకూడదు. ఎయిర్‌బెడ్ వచ్చింది కదాని ఉన్న దూది పరుపు తీసేయడం పెద్ద పొరపాటు.

రెండో తప్పు ప్రేమ ఎక్కువై చేసేది. ‘ప్లాస్టిక్ గుచ్చుకుంటుందేమో’ అని గాలి పరుపు మీద బొంత, దాని మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి! అలా కప్పేస్తే కింద బుడగలు ఎంత ఆడినా ఒంటికి తెలియదు. ఒక్క పల్చటి నూలు దుప్పటి చాలు. అదీ బిగించి లాగకుండా, ముడతలు లేకుండా.

మూడోది పంపు మీది మర. గాలి గట్టిగా ఉంటే మంచిదనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అప్పుడు పరుపు బండలా మారుతుంది. మరీ తగ్గిస్తే మనిషి అడుక్కి ఆనిపోతాడు. సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి యంత్రమేదీ అక్కర్లేదు. గాలి పరుపు కింద, రోగి పిరుదుల దగ్గర అరచెయ్యి చాచి పెట్టండి. మీ చేతికీ, పైనున్న ఒంటికీ మధ్య అంగుళం మందాన గాలి తగలాలి. ఎముక నేరుగా చేతికి తగిలితే గాలి చాలలేదు. ఈ పరీక్ష రోజూ చేయాలి.

నాలుగోది కరెంటు. పంపును ఇన్వర్టరు లైనుకు కలపండి. ప్లగ్గు ఫోను ఛార్జింగ్ కోసం ఎవరూ పీకకుండా ఇంట్లో అందరికీ చెప్పండి. నవ్వులాటగా అనిపించినా చాలా ఇళ్లలో పరుపు చప్పబడేది దీనివల్లే. పిన్నీసులు, కత్తెరలు, బీడీ నిప్పు దగ్గరికి రానీయకండి.

ఇక మన ఎండలు. మే నెలలో ఈ ప్రాంతంలో పాదరసం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ప్లాస్టిక్ మీద వీపు చెమటతో నానిపోతుంది. నానిన తోలు తొందరగా ఊడుతుంది. అందుకే వేసవిలో దుప్పటి రోజుకు రెండు మూడుసార్లు మార్చాలి. పక్కకు తిప్పిన ప్రతిసారీ వీపుకు గాలి తగలనివ్వాలి.

గారె దిండు వద్దు!

గాలి దిండు అనగానే చాలామంది కొనేది గారెలా మధ్యలో చిల్లున్న రబ్బరు ట్యూబు. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. పుండు ఉన్న చోటు చిల్లులోకి వస్తుంది, ఏమీ తగలదు కదా అనిపిస్తుంది. జరిగేది అందుకు విరుద్ధం. బరువంతా చిల్లు చుట్టూ ఉన్న అంచు మీద పడుతుంది. ఆ అంచు దగ్గర రక్తం ఆగితే మధ్యలో ఉన్న చర్మానికి నాలుగు వైపుల నుంచీ దారి మూసుకుపోతుంది. నీరు చేరి ఉబ్బుతుంది. ఉన్న పుండు పెరుగుతుంది, లేనివారికి వస్తుంది. అందుకే పడకపుండ్ల నివారణకు గుండ్రటి ట్యూబులు వాడవద్దని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మడమల కింద నీళ్లు నింపిన చేతి తొడుగులు పెట్టడమూ మంచిది కాదు. మడమను గాల్లో తేల్చాలంటే పిక్క పొడవునా మెత్తటి దిండు పెడితే చాలు.

చక్రాల కుర్చీలో కూర్చునేవారికి గదులు గదులుగా ఉన్న గాలి దిండో, ఫోమ్, జెల్ కలిసిన దిండో మేలు. గాలి దిండుకూ చేతి పరీక్ష ఉంది. మనిషి కూర్చున్నాక దిండు లోపలి అడుగుకూ పిరుదు ఎముకకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం గాలి మిగలాలి. ఎక్కువ నింపితే బంతి మీద కూర్చున్నట్టు అటూ ఇటూ ఊగుతారు. దిండు ఎంత ఖరీదైనదైనా పదిహేను నిమిషాలకో, అరగంటకో చేతుల మీద బలం వేసి ఒళ్లు పైకెత్తాలి. చేతుల్లో బలం లేకపోతే ముందుకూ పక్కకూ వంగాలి.

పరుపు చేయలేని పని

ఇంతకీ గాలి పరుపు ఉంటే రాత్రి అలారం పెట్టుకోనక్కర్లేదా? చాలామందికి ఉండే ఆశ ఇదే. బ్రిటన్‌లో 2029 మంది రోగుల మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. గాలి మారే పరుపు మీద ఉన్నవారిలో 6.9 శాతం మందికి, నాణ్యమైన ఫోమ్ పరుపు మీద ఉన్నవారిలో 8.9 శాతం మందికి కొత్తగా పుండ్లు వచ్చాయి. తేడా ఉంది కానీ చిన్నది. గాలి పరుపు ఎక్కినా వందలో ఏడుగురికి పుండు తప్పలేదు. ఆసుపత్రిలో నర్సులు చూసుకుంటుండగానే ఇది పరిస్థితి!

మరో పరిశోధన అమెరికా, కెనడాల్లోని వృద్ధాశ్రమాల్లో జరిగింది. మంచి ఫోమ్ పరుపు ఉంటే రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పినా ఫలితం ఒకేలా ఉందని 2013లో తేలింది. అంటే మంచి పరుపు తిప్పే పనిని ఎత్తేయదు. గడువును కొద్దిగా పెంచుతుంది, అంతే. అదైనా రోజూ చర్మాన్ని చూసుకుంటూ, డాక్టరు సరేనంటేనే. చర్మం తేటగా ఉంటే రాత్రి పూట మూడు గంటలకు పెంచవచ్చేమో అడగండి. అలసిన ఇల్లాలికి ఆ ఒక్క గంట నిద్ర ఎంతో!

తిప్పడంలోనూ పద్ధతి ఉంది. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా, సుమారు 30 డిగ్రీలు వాల్చాలి. భోజనం పెట్టేటప్పుడు తప్ప తలవైపు మరీ ఎత్తుగా ఉంచకూడదు. మనిషి కిందికి జారుతుంటే లోపల చర్మం, కండ విడివిడిగా సాగి చిరుగుతాయి. పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులేసి ఈడ్చకుండా, నడుం కింద దుప్పటి మడత వేసి ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తాలి.

పొయ్యి దగ్గరా, పుండు దగ్గరా

లోపలి నుంచి బలం లేకపోతే పైన పరుపు ఏం చేస్తుంది? మంచాన పడ్డవారికి జావ, మజ్జిగ అన్నంతో సరిపెట్టే ఇళ్లు ఎక్కువ. కొత్త చర్మం పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు గ్రాముంపావు నుంచి గ్రామున్నర. అరవై కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. కాబట్టి గుడ్లు, ముద్దపప్పు, పాలు, పెరుగు, చేప, కోడికూర... తినగలిగింది ఏదైనా పూటపూటా ఉండాలి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే. షుగరు అదుపులో లేకపోతే ఏ పుండూ మానదు.

మల మూత్రాలతో తడిసిన డైపరు గంటల తరబడి ఉంచకూడదు. గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. ఎర్రబడిన చోట నూనె పోసి మర్దన చేయడం మనకు అలవాటు. అది చేయకూడదు. నలిగిన చర్మం ఇంకా నలుగుతుంది.

పుండు పడితే పసుపు, సున్నం, బూడిద, ఆకుపసరు లాంటివి వద్దు. స్పిరిట్ పోసి కడగవద్దు. సెలైన్‌తో శుభ్రం చేసి డాక్టరు చెప్పిన కట్టు కట్టాలి. దుర్వాసన, చీము, జ్వరం, చుట్టూ నల్లబడటం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అందే చేయూత

సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కోదాడ, మిర్యాలగూడల్లో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. మంచాన పడ్డవారికి నొప్పి తగ్గించి ఆలనాపాలనా చూసే పాలియేటివ్ కేర్ సేవలను తెలంగాణలో ‘ఆలన’ పేరుతో మొదలుపెట్టారు. ఇంటికే వచ్చి చూసే బృందం మీ ప్రాంతానికి ఉందేమో జిల్లా ఆసుపత్రిలోనో, ఆశ కార్యకర్తనో అడిగి తెలుసుకోండి. ఒక్కసారి నర్సమ్మ ఇంటికొచ్చి తిప్పడం, కట్టు కట్టడం చూపిస్తే అది వెయ్యి మాటల పెట్టు.

పేద వృద్ధులకు ఉచితంగా ఉపకరణాలు ఇచ్చే ‘రాష్ట్రీయ వయోశ్రీ యోజన’ 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. చక్రాల కుర్చీలతో పాటు సిలికాన్ ఫోమ్ దిండ్లను కూడా తర్వాత ఆ జాబితాలో చేర్చారు. వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే వికలాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో అది 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడ పక్షవాతంతో పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. సరిహద్దుకు అటూ ఇటూ చుట్టరికాలున్నవారు తమవాళ్లకు ఈ మాట చెప్పవచ్చు.

ఇంకో పని మనమే చేయవచ్చు. ఒకరి అవసరం తీరాక గాలి పరుపు అటక మీదికి చేరుతుంది. సబ్బునీటితో శుభ్రంగా తుడిచి, గాలి నింపి ఒక రాత్రంతా నిలుస్తుందో లేదో చూసి, పక్క వీధిలో అవసరమున్నవారికి ఇవ్వండి. పోయినవారి పేరు చెప్పి చేసే దానాల్లో ఇంతకు మించినది ఏముంటుంది?

ఆమె నడుం సంగతి?

మంచం మీదున్న మనిషి గురించి అందరూ అడుగుతారు. ‘ఎలా ఉంది? తింటున్నాడా?’ అని. మంచం పక్కనున్న మనిషిని ఎవరూ అడగరు. రాత్రికి నాలుగుసార్లు లేచి, తన కన్నా బరువైన మనిషిని తిప్పి, తెల్లారి మళ్లీ పొలం పనికో, మిల్లుకో, బడికో వెళ్లే ఆ ఇల్లాలి నడుం ఏమైపోవాలి? తోటికోడలో, ఆడపడుచో, కొడుకో వారానికి రెండు రాత్రులు వంతు తీసుకుంటే చాలు. చూడ్డానికి వచ్చే బంధువులు ఆపిళ్లు తేకపోయినా ఫర్వాలేదు. ‘ఈ రాత్రి నేను లేస్తాను, నువ్వు పడుకో వదినా’ అంటే చాలు.

గాలి పరుపు కొనివ్వగలిగినవారు కొనివ్వండి. అది నిజంగా మేలు చేస్తుంది. కానీ దానికి ఎర్రమచ్చ కనిపించదు. అన్నం తిన్నావా అని అడగలేదు. రాత్రి రెండింటికి అలారం మోగినప్పుడు లేచేది మనిషే. గుట్‌మన్ సైనికులను బతికించింది కూడా ఆ పనే.